కుక్కల కొట్టానికి సెప్టిక్ ట్యాంకు

కుక్కలకి సెప్టిక్ ట్యాంకేమిటని వీధి వీధంతా నవ్వింది. నవ్వితే నవ్వారు గానీ, అందరూ ముక్కు మూసుకునే నవ్వారు, అదీ సంగతి! వీధివాళ్లు బిస్కెట్టమ్మ అని పిలిచే ఆవిడ, తాము అద్దెకుంటున్న ఇంటి పెరట్లో రేకుల కొట్టం వేసి దిక్కులేని కుక్కల్ని చేరదీసింది. నడుం విరిగిందొకటి, కళ్లు కనపడనిదొకటి, కారు కింద పడి కాలు పోగొట్టుకున్నదొకటి, ఎవరో మహానుభావులు గోనెసంచిలో పెట్టి గేటు ముందు వదిలేసిపోయిన కూనలు రెండు. వాటి కింద కడిగిన నీళ్లు గోడ పక్కనే నిలిచిపోయి, ఆ కంపు మేడ మీదుండే ఇల్లుగలావిడ గదిదాకా పోయేది.

"చూడమ్మా, నాకు కుక్కల మీద కోపం లేదు, కంపు మీదే కోపం. మా అమ్మాయి దగ్గరికెళ్తున్నా. నేనొచ్చేసరికి ఈ వాసన పోలేదనుకో, కొట్టం పీకించేస్తా," అని ఆవిడ తెగేసి చెప్పింది. పీకించేస్తే వీటికి మళ్లీ రోడ్డే గతి. నడుం విరిగిన కుక్క రోడ్డు మీద ఒక్క పూట బతకదు.

అందుకని మేస్త్రీ వచ్చాడు. కొట్టం నేలకి వాలు పెట్టి, మూలన జాలీ బిగించి, అక్కణ్ణించి పైపు వేసి, పెరటి చివర రెండు గదుల చిన్న ట్యాంకు కట్టాడు. దాని పక్కనే కంకర నింపిన ఇంకుడు గుంత. అంతా అయ్యాక, ఎక్కణ్ణించో పాత ట్యాంకు మడ్డి ఒక బకెట్టు తెచ్చి అందులో కుమ్మరించాడు.

"ఛీ ఛీ! కొత్త ట్యాంకులో ఇదేం పనయ్యా?" అంది బిస్కెట్టమ్మ.

"పాలకి తోడు వేసినట్టమ్మా. ఇందులో ఉండే పురుగులే మురికిని తినేది. ఒక్కటే మాట, ఫినాయిలు, బ్లీచింగు ఇటు రానివ్వకండి. పురుగులు చచ్చాయో, ట్యాంకూ చచ్చినట్టే."

ఆవిడ బుద్ధిగా తలూపింది. తల ఊపడానికేం, చేతులు ఊరుకోవద్దూ!

పోయిన వానాకాలంలో ఈ కొట్టంలోనే ఒక ఈత కూనలన్నీ వాంతులూ నెత్తుటి విరేచనాలూ పట్టుకుని వరసగా పోయాయి. చివరిది ఆవిడ ఒళ్లోనే పోయింది. "నేల శుభ్రంగా ఉంచుకోవాలమ్మా" అని పశువుల డాక్టరు ఏదో మామూలుగా అన్నాడు. ఆ మాట ఆవిడ గుండెలో ముల్లులా దిగిపోయింది. అది మొదలు కూర్చుంటే లేవాలి, లేస్తే కడగాలి. కడిగిన చోటే మళ్లీ కడగాలి. ఫినాయిలు ఘాటు ముక్కుకి తగిలితే తప్ప కంటిమీద కునుకు పట్టేది కాదు.

ట్యాంకు కట్టాక మొదట్లో ఉత్తనీళ్లతోనే కడిగింది. కడిగి, కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకీ పెరట్లోకీ తిరిగింది. అంతలో చిన్నకూన తుమ్మింది. ఉత్త తుమ్మే! ఆవిడ మాత్రం దాని ముక్కు పట్టుకుని చూసింది, కళ్లు విప్పి చూసింది. భర్త స్నానానికి వెళ్లగానే సీసా తీసింది. ఒక్క మూతే అనుకుంది. మూత కాస్తా మగ్గయింది, ఒకనాటిది కాస్తా రోజూ అయింది.

ఇంకేముంది, ట్యాంకు ఇదివరకటి నిలవనీళ్లే నయమనిపించేలా కంపు కొట్టసాగింది.

"ఏం కట్టావయ్యా బాబూ? వచ్చే వారం ఇల్లుగలావిడ దిగుతోంది, మా పీకలమీదికి తెచ్చావు కదా!" అని భర్త మేస్త్రీని పిలిపించి దులిపేశాడు. పాపం మేస్త్రీ పైపు తవ్వాడు, వాలు చూశాడు, మూత ఎత్తి తొంగి చూశాడు, ఆ కంపులో ఇంకే వాసనా పసిగట్టలేక, ఏం తేలక నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. చివరికి, "తప్పు నాదేనేమోనండీ. పగలగొట్టి మళ్లీ కడతా," అని గునపం అందుకున్నాడు.

అప్పటిదాకా వంటింటికీ పెరటికీ మధ్య పచార్లు చేస్తున్న బిస్కెట్టమ్మ ఒక్క అరుపు అరిచింది.

"ఆగు మేస్త్రీ! నేనే పోశాను, ఫినాయిలు. రోజూ పోశాను."

"అంత చెప్పాడు కదే!" అన్నాడు భర్త.

"చెప్పాడండీ. కానీ అది తుమ్మింది. నాకు భయమేసింది," అంటూ ఆవిడ అక్కడే చతికిలబడి భోరుమంది.

"నా పరువు తీశారు కదమ్మా!" అని మేస్త్రీ కూడా కాసేపు రుసరుసలాడాడు. తర్వాత ఆ నీళ్లన్నీ తోడించేసి, మళ్లీ మడ్డి తెచ్చి పోశాడు. భర్త ఇంట్లో ఉన్న సీసాలన్నీ ఏరి తన ఆఫీసుకి పట్టుకుపోయాడు.

"ఈ కూనలకి సూదులు వేయించాం కదే. పోయిన వానాకాలం కూనలు, సూదులు వేయించేలోపే పోయాయి. నువ్వు కడగక కాదే," అని ఆ పూట అన్నాడు. ఆవిడకి తెలియక కాదు. అయినా కాళ్లు నిలవలేదు. వేడినీళ్లు, చీపురు, మళ్లీ వేడినీళ్లు. మాటిమాటికీ కూనల ముక్కు పట్టుకుని చూసేది. అవి విసుగొచ్చి పారిపోయేవి.

ఇల్లుగలావిడ వచ్చీ రాగానే చెప్పులైనా విప్పకుండా పెరట్లోకి నడిచింది. ట్యాంకు చుట్టూ తిరిగింది. కొట్టంలో తల పెట్టి గట్టిగా గాలి పీల్చింది.

"ఏ వాసనా లేదే! సరే, ఉంచుకో తల్లీ నీ కొట్టం."

భర్త హమ్మయ్య అనుకున్నాడు. బిస్కెట్టమ్మ కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"ఇంకా ఏడుపెందుకమ్మా?" అంది ఇల్లుగలావిడ.

"ఆ ఫినాయిలు ఘాటు లేకపోతే, వీటిని గాలికి వదిలేసినట్టుంటుందండీ నాకు."

ఇల్లుగలావిడ ఆమెను ఎగాదిగా చూసి, పెరటి మెట్టు మీద కూలబడి, పక్కన చోటు చూపించింది.

"అయితే ఇలా వచ్చి కూర్చో. కాసేపు నేనూ ఉంటాలే."

బిస్కెట్టమ్మ వెళ్లి కూర్చుంది. రెండు చేతులూ తొడల కింద గట్టిగా అదిమి పెట్టుకుంది. చిన్నకూన కొట్టంలో తడినేలను నాకుతోంది. ఆవిడ లేవలేదు.