వంటవాడి ముక్కు

జ్వరం తగ్గాక వంటవాడికి వాసన తెలియకుండా పోయింది. హోటలు అతని బావమరిదిది. కూర మాడినా తెలియనివాడు వంటేం చేస్తాడని అందరూ నవ్వారు. అతను కంగారుపడలేదు. రోజూ పొద్దున్నే లవంగమో, వెల్లుల్లో ముక్కు దగ్గర పెట్టుకుని, అలిగిన చుట్టం కోసం ఎదురుచూసినట్టు ఓపిగ్గా కూర్చునేవాడు.

ఒకనాడు బావమరిది గ్లాసు అందించాడు. "పాలు తాగి ఎలా ఉన్నాయో చెప్పు బావా."

తాగాడు. విరిగిన పాలు! వంటగదంతా పగలబడి నవ్వింది. అతను మూతి తుడుచుకుని ఆలోచించాడు. "పులుపు నాలుకకి బాగానే తెలిసిందిరా. వాసనే ఇంకా దారిలో ఉన్నట్టుంది."

"అది వచ్చేదాకా పొయ్యి ఆగుతుందా? రేపట్నుంచి వేరే మనిషొస్తాడు. నువ్వు గిన్నెలు తోము."

తోమాడు. కొన్ని వారాలకు, పెరటి మురుగుకాలువ పక్కన గిన్నెలు కడుగుతుంటే ముక్కుపుటాలు అదిరాయి. లోపలికి పరుగెత్తాడు. "ఒరేయ్, కంపు తెలుస్తోందిరా!"

"సంతోషం బావా," అన్నాడు బావమరిది. "అయితే మరుగుదొడ్లు కూడా నువ్వే చూసుకో. శుభ్రమయ్యాయో లేదో నీ ముక్కే చెబుతుంది."

మళ్లీ నవ్వులు. ఈసారి అతనికి బాధ కలిగింది. అది ఒంట్లో ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పోతోందో కాసేపు నిలబడి గమనించాడు. తర్వాత చీపురు అందుకుని, ఫినాయిలు సీసా మూత తీసి వాసన చూశాడు. అదీ కొంచెం తెలిసింది.