మూడో భాగంలో దగ్గేవాడు

తొమ్మిదో బండ అంచు కోస్తుండగా లేవికి దగ్గు తెర వచ్చింది. మిషన్ ఆపలేదు. తాను ఆపితే పక్కనున్న సుంకన్న కూడా ఆపాలి, సుంకన్న ఆపితే మేస్త్రీ ఊరుకోడు. బండను రెండు చేతులా అదిమిపట్టి, మొహం భుజం మీదికి తిప్పి, ముక్కుకు కట్టుకున్న తువ్వాల్లోకే దగ్గాడు. బూడిదరంగు దుమ్ము కనురెప్పల మీద, చెవుల మీది వెంట్రుకల్లో, మెడ మడతల్లో పిండిలా పేరుకుంది. బేతంచెర్ల బండ పరిస్తే ఇల్లు అద్దంలా ఉంటుందని అందరూ అంటారు. దాన్ని కోసేవాడి రొమ్ములో ఏం పరుచుకుంటుందో అడిగిన నాథుడు లేడు.

యాభై నాలుగేళ్ల మనిషి. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే షెడ్డు. చొక్కా విప్పితే పక్కటెముకలు ఒక్కొక్కటీ కనిపిస్తాయి. ఆసుపత్రిలో టీబీ అని రెండు తడవలు మాత్రలు మింగించారు. రోగం ఒకటి, మందు ఒకటి. కడుపు మండిందే తప్ప రొమ్ములో రాయి కరగలేదు.

ఒకప్పుడు ఆ రొమ్ములోంచే గొంతు వచ్చేది. అబ్బ, ఏం గొంతు అది! పేటలో ఎవరైనా పోతే పాదిరి రాకపోయినా సర్దుకునేవాళ్లు గానీ లేవి రాకపోతే పెట్టె లేచేది కాదు. పెట్టె వెనకాల నడుస్తూ లోతు గొంతుతో పాట ఎత్తుకుంటే సమాధుల దొడ్డి దాకా తెగేది కాదు. తీరా రెండేళ్ల కిందట సొంత భార్య సంతోషమ్మ పోయిన రోజున, మొదటి చరణం సగంలోనే ఊపిరి అందలేదు. గుంట పక్కన కూలబడి దగ్గుతుంటే మిగతా పాటను ఆడవాళ్లు ముగించారు. ఊరందరినీ పాటతో సాగనంపినవాడు కట్టుకున్నదాన్ని దగ్గుతో సాగనంపాడు. ఆ బాధ ఆయన్ని రోగం కంటే ఎక్కువ తిన్నది.

పన్నెండు గంటలకు లేవి తొట్టి దగ్గర మొహం కడుక్కుంటుంటే సుంకన్న వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏమప్పా, కర్నూలుకు పోతాండావంటనే. ఈ పొద్దేనా మీ పాట?"

"ఈ పొద్దే. ఐదు గంటలకు."

"దగ్గేదానికి అంత దూరం పోవల్నా? ఈడ దగ్గుతే సాలదా?"

నవ్వించాలనే అన్నాడు పాపం. లేవి కూడా నవ్వాడు.

సుంకన్న మాటలో అబద్ధమేమీ లేదు. శామ్ అని కర్నూలు కుర్రవాడు, మద్రాసులో సంగీతం చదివి వచ్చినవాడు, రాతి దుమ్ము మింగి పోయినవాళ్ల కోసం ఒక రిక్వియం కట్టాడు. రిక్వియం అంటే చనిపోయినవాళ్ల శాంతి కోసం అందరూ కలిసి పాడే పాట అని మొదటిరోజే చెప్పాడు. తీరా చూస్తే అందులో పాట తక్కువ, బుసలు ఎక్కువ. కోత మిషన్ మీద నీళ్లు పడ్డట్టు ఆడవాళ్లు పళ్ల సందుల్లోంచి బుస కొట్టాలి. మగవాళ్లు బండముక్కలు రెండు పట్టుకొని రాపాడించాలి. "ఇది ఆదివారం కీర్తన కాదు. వినేవాళ్లకు ఊపిరాడకూడదు," అనేవాడు శామ్.

మూడు చర్చిల నుంచి ఇరవై రెండు మందిని ఏరుకున్నాడు. పరీక్షకు నిలబడిన లేవి రెండు మాటలు పాడేసరికి తెర వచ్చింది. తల వంచుకొని వెళ్లిపోబోతే శామ్ ఆపాడు. కుర్రవాడి కళ్లు మెరుస్తున్నాయి.

"అంకుల్, ఆ దగ్గే నాకు కావాల. మూడో భాగంలో బండల చప్పుడు ఆగినాక మీరొక్కరే దగ్గుతారు. వేరేవాళ్లు దగ్గుతే నాటకమాడినట్టు ఉంటాది."

లేవి తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. తర్వాత, "దగ్గుతా సార్. ఆఖరి మాట నాకియ్యి," అన్నాడు.

ఆఖరి మాట ఎంతని! "తండ్రీ, ఇంక నిద్ర పోనీ." అంతే. అందరూ ఆగిపోయాక ఒక్క గొంతు దాన్ని పాడాలి. శామ్ సరేనన్నాడు. దగ్గు ఇచ్చి పాట తెచ్చుకున్నాడు లేవి.

గేటు దగ్గర కూతురు ప్రేమజ్యోతి కాచుకొని ఉంది. అదే ఫ్యాక్టరీలో పాలిష్ పని. ఒకే ఇంటి నుంచి ఇద్దరికి సెలవు ఇచ్చేది లేదని మేస్త్రీ ఆమెను ఆపేశాడు. దగ్గు మందు సీసా తండ్రి చేతిలో పెట్టింది.

"రెండు మూతలు తాగు నాయినా. శానా తాగొద్దు, మత్తొస్తాది."

"మీయమ్మ పాట సగంలో ఇడిసినా గదా మే," అన్నాడు లేవి. "ఈ పొద్దు ముగిస్తా."

బస్సులో రెండు మూతలు తాగాడు. రొమ్ము కాస్త తేలికపడింది. కిటికీలోంచి ఎర్రనేల వెనక్కి పోతుంటే ఆఖరి మాటను లోలోపలే అనుకున్నాడు. తెర రాలేదు. ఇంకో రెండు మూతలు తాగాడు. కర్నూలు చేరేసరికి సీసా ఖాళీ అయింది. ఆయన ధ్యాసంతా పాట మీదే ఉంది, దగ్గు సంగతే మరిచిపోయాడు.

హాలు నిండిపోయింది. ముందు వరుసలో పట్టుచీరలు, కోట్లు. నల్ల జుబ్బాల్లో ఇరవై రెండు మంది నిలబడ్డారు. మొదటి భాగం, రెండో భాగం గడిచాయి. మూడో భాగంలో ఆడవాళ్లు బుస కొట్టారు, మగవాళ్లు బండలు రాపాడించారు. చప్పుడు ఠక్కున ఆగింది. శామ్ వేలు లేవి వైపు తిరిగింది.

దగ్గు రాలేదు.

పదేళ్లుగా పిలవని పేరంటానికి వచ్చిన దగ్గు, పిలిచిన రోజు మొహం చాటేసింది. లేవి గొంతు సవరించినట్టు ఏదో చేశాడు. ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. శామ్ పెదవులు కొరుక్కుంటూ లేవి పక్కనున్న పేట కుర్రవాడు వీరేష్ వైపు, మళ్లీ లేవి వైపు చూశాడు. ఆ చూపు లేవికి అర్థమైంది. దగ్గు ఇవ్వకపోతే పాట లేదు. సంతోషమ్మ పాట ఈసారి కూడా సగంలోనే పోతుంది.

వీరేష్ చేతిలోని బండముక్కను లాక్కున్నాడు. దాని మీద అప్పుడే రాలిన పిండి ఉంది. ముప్పై ఒక్క ఏళ్లుగా ముక్కుకు తువ్వాలు కట్టి దేన్ని ఆపాలని చూశాడో, దాన్నే నోరు తెరిచి గుండెల నిండా పీల్చాడు.

వచ్చింది. అడుగునుంచి, బండను పగలదీసినట్టు వచ్చింది. హాలు బిగుసుకుపోయింది. ఒకామె పట్టుకొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఇంకా, ఇంకా అని శామ్ అరచెయ్యి పైకెత్తాడు. తర్వాత పిడికిలి బిగించాడు. ఆపమని. బృందమంతా నాలుగో భాగం ఎత్తుకుంది. దగ్గు మాత్రం శామ్ మాట వినలేదు. పాట మీద పడి పాటను తొక్కేస్తుంటే అతను మొహం చిట్లించి, తలుపు వైపు వేళ్లు విదిలించాడు. వీరేష్ లేవి రెక్క పట్టుకొని పక్క తలుపులోంచి బయటికి తెచ్చి, మెట్ల మీద కూర్చోబెట్టి, "ఇప్పుడే వస్తా మామా," అని పరుగున లోపలికి పోయాడు. ఆఖరి మాట ఇప్పుడు అతనిదే.

బయట ఇంకా ఎండ ఉంది. లేవి నోటికి అడ్డం పెట్టుకున్న జుబ్బా చేయి తడిసింది. నల్ల గుడ్డ కాబట్టి రంగు తెలియలేదు. లోపల గొంతులన్నీ ఆగిపోయాయి. ఈ నిశ్శబ్దం తర్వాత ఏం రావాలో ఆయనకు తెలుసు. గోడ పట్టుకొని లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. లోపల వీరేష్ గొంతు, కడిగిన గిన్నెలాంటి లేత గొంతు, మొదలుపెట్టింది. లేవి కూడా కలిశాడు. "తండ్రీ" అన్నంత వరకు గాలి సరిపోయింది. మిగతా మూడు మాటలకు పెదవులు కదిలాయి గానీ ఏమీ రాలేదు. గోడ వెంబడి మెల్లగా జారి మెట్టు మీద కూర్చున్నాడు. లోపల చప్పట్లు మొదలై చాలాసేపు సాగాయి.

"ఆ దగ్గు ఒరిజినల్ సార్, యాక్టింగ్ కాదు," అని శామ్ పెద్దమనుషులకు చెప్తున్నాడు. హైదరాబాదులో కూడా వేయాలనీ, ఆ ముసలాయన్ని తప్పకుండా తేవాలనీ వాళ్లు అన్నారు. తెస్తానని మాటిచ్చాడు శామ్.

పాడినవాళ్లకు బిర్యానీ పొట్లాలు పంచారు. వీరేష్ లేవి వంతు పొట్లం పట్టుకొని పక్క తలుపు మెట్ల దగ్గరికి వచ్చాడు. "మామా, తిందువు లెయ్," అని భుజం తట్టాడు. లేవి తల పక్కకు ఒరిగింది. వీరేష్ పొట్లాన్ని మెట్టు మీద పెట్టేశాడు. తన జుబ్బా జేబులో ఫోన్ మోగింది. మోగి ఆగి, మళ్లీ మోగింది. తీశాడు.

"అన్నా, నేను ప్రేమజ్యోతిని. మా నాయిన పాడినాడా?"

"పాడినాడు పాపా. శానా బాగ పాడినాడు," అన్నాడు వీరేష్ ముందు. ఆ తర్వాత మిగిలింది చెప్పాడు.

చీకటి పడకముందే ఆటో తెప్పించి లేవి శవాన్ని తీసుకుపోయారు. మెట్టు మీద, దారమైనా విప్పని పొట్లం మిగిలిపోయింది. ఎవరిది ఎవరికి అందాలో పొరపాటు రాకుండా ఒక్కో పొట్లం మీద రాసిపెట్టారు. నూనె దిగిన ఆ కాగితం మీద నీలం పెన్నుతో, గుండ్రని అక్షరాల్లో, "దగ్గు" అని రాసి ఉంది.