ఊక బూడిద, నిమ్మ ఉప్పు

సాయంత్రం ఐదింటి లోపు జాన్‌బాబు ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. పెడితే పేటెంటుకు దారి మిగులుతుంది. పెట్టకపోతే రెండేళ్ల కిందట వేసిన దరఖాస్తు బూడిదలో పోసిన పన్నీరే. ఆ కాగితంలో ఏముందో అతని పేటెంటు కేసు చూసే కిరణ్మయి నిన్న ఫోన్లో చదివి వినిపించింది. అప్పట్నించీ అతనికి కాలు ఒకచోట నిలవడం లేదు.

ఫరీదాబాద్‌లోని బాటా చౌక్‌లో మెట్రో ఎక్కాడు. పెట్టె సగం ఖాళీ. అయినా కూర్చోలేదు. ఒక తలుపు దగ్గర నిలబడ్డాడు, అక్కణ్నుంచి రెండో తలుపు దగ్గరికి నడిచాడు, మళ్లీ వెనక్కి వచ్చాడు. "అంకల్ జీ, బైఠ్ జాయియే," అంది ఒకమ్మాయి, జరిగి చోటిస్తూ. తల అడ్డంగా ఊపాడు. అరవై రెండేళ్ల మనిషి. ముప్పై ఏళ్లు ఫరీదాబాద్ రబ్బరు ఫ్యాక్టరీలో మిక్సింగ్ మిల్లు ముందు నిలబడే బతికాడు. కూర్చుంటేనే అతనికి ఆలోచనలు పైకి తేలతాయి.

చేతిసంచిలో ఫైలుతో పాటు ఒక తెల్లటి రబ్బరు పట్టీ ఉంది. ఆస్పత్రుల్లో కత్తెరలూ సూదులూ ఆవిరి పెట్టి శుద్ధి చేసే పెద్ద ఇనుప పెట్టె ఉంటుంది, ఆటోక్లేవ్. దాని తలుపు చుట్టూ వేసే పట్టీ అది. కుక్కరు మూతకు గాస్కెట్ ఎలాగో, దానికి అది అలాగ. మామూలు పట్టీ మూణ్నెల్లకు పగిలేది. జాన్‌బాబు చేసింది పద్నాలుగు నెలలు ఆగింది. రిటైరయ్యాక ఇంట్లో చేసిన పని అది. అందులో కలిపిన పొడిలోనే ఉంది కిటుకంతా. వరి ఊకను కాల్చి తీసిన తెల్లటి బూడిద.

అదే పట్టీని ఇప్పుడు పాత ఫ్యాక్టరీ సేఠ్ అమ్ముకుంటున్నాడు. పేటెంటు వస్తే అమ్మకం ఆపాలి. అందుకని ఇవ్వొద్దంటూ పేటెంట్ ఆఫీసులో అభ్యంతరం వేశాడు. అభ్యంతరానికి ఒకటే ఆధారం, ఒక యూట్యూబ్ వీడియో. దరఖాస్తు వేయడానికి తొమ్మిది వారాల ముందు, ఆర్.కె.పురం తెలుగు క్రైస్తవ సంఘం క్రిస్మస్ కూడికలో రెబ్కా చెప్పిన సాక్ష్యం అది. ఇంట్లో మేలు జరిగితే కూడికలో లేచి, ఆ మేలు ఎలా జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పాలి. చెప్పకపోతే దాచుకున్నట్టు. సంఘం పద్ధతి అది. పేటెంటు చట్టం పద్ధతి వేరు. దరఖాస్తుకు ముందే లోకానికి చెప్పేసిన సంగతికి పేటెంటు ఉండదు, చెప్పింది నీ పెళ్లామే అయినా సరే.

రెబ్కా అతని భార్య. ఇరవై ఏడేళ్లు నర్సుగా చేసింది, అందులో పదకొండేళ్లు పరికరాలు శుద్ధి చేసే గదిలో. పోయి పందొమ్మిది నెలలు.

మండీ హౌస్‌లో రైలు మారాలి. మారకుండా ప్లాట్‌ఫారం ఆ చివర్నుంచి ఈ చివరికి రెండుసార్లు నడిచి, అంకయ్యకు ఫోన్ చేశాడు. అంకయ్య పాత ఫ్యాక్టరీలో పక్క మిల్లు మీద మనిషి, ఒంగోలు వైపువాడు. వీడియోలో మాటల్ని హిందీలోకి మార్చి సేఠ్ వకీలుకు రాసిచ్చి, కింద సంతకం పెట్టింది అతనే.

"నువ్వు చేస్తావనుకోలేదన్నా," అన్నాడు అంకయ్య.

"మా ఇంట్లో ఎన్ని క్రిస్మసులు తిన్నావురా నువ్వు?"

"లెక్కెట్టలేదన్నా."

"తిన్నది చాలక మీ వదిన డబ్బాలో కట్టిచ్చేది నీకు. కుక్కకేసినా తోకూపేది."

"నేను తప్పేం రాశానో చెప్పన్నా. వదిన చెప్పింది మాటకి మాట రాశా. సేఠ్ ఇంకాస్త కలపమన్నాడు, కలపలా. నా కొడుకు కూడా ఆడి దగ్గరే పన్జేస్తన్నాడు, నన్నేం చెయ్యమంటావు?"

"గొప్ప పని చేశావులే."

పెట్టేశాడు. అంకయ్యను క్షమించే ఉద్దేశం అతనికి లేదు. క్షమించాలని ఆదివారం ఆదివారం బోధించే పాస్టరు ఏనాడూ పక్క మిల్లు మీద పనిచేసినవాడు కాదు.

కిరణ్మయి ఆఫీసు కరోల్ బాగ్‌లో, పెళ్లి లెహంగాల కొట్టు మీద రెండో అంతస్తు. పేటెంటు దరఖాస్తులు వేసి వాదించడం ఆమె వృత్తి. కరీంనగర్ పిల్ల, ముప్పై దాటలేదు.

"రండి అంకుల్. కూసోండి. చాయ్ తాగుతరా?"

"కాగితం తే అమ్మా."

ఇంగ్లీషు కాగితం. అతను ఊరి బడిలో చదివిన చదువుకు అక్షరాలు అందుతాయి గాని వాక్యం అందదు. ఆమే చెప్పింది.

"రెండే పాయింట్లు అంకుల్. ఒకటి, ఆంటీ మీకు చెప్పకుండ, మీ పర్మిషన్ లేకుండ మాట్లాడింది. రెండు, ఆంటీకి దీని గురించి టెక్నికల్‌గ ఏం తెల్వది. భక్తితోని ఏదో చెప్పింది, అది విని ఎవ్వరూ పట్టీ చెయ్యలేరు. ఈ రెండు మీరు ప్రమాణం చేసి చెప్తే నేను వాదిస్త. ఛాన్స్ ఉంది. ఇయ్యాల్నే లాస్ట్ డేట్."

"ఆమెకేం తెలవదని రాశావు."

"టెక్నికల్‌గ అన్న అంకుల్. నర్సు కద. రబ్బర్ గురించి ఆమెకేం తెలుస్తది?"

జాన్‌బాబు కిటికీ దగ్గరికి వెళ్లి కిందికి చూశాడు. వెనక్కి వచ్చాడు. "నోటరీ ఎక్కడ?"

"కిందనే, మెట్ల పక్కన. రెండింటికి లంచ్‌కి పోతడు. వీడియో చూసిండ్రా మీరు?"

"చూడలా."

"ఒక్కసారి చూసి సైన్ చెయ్యండి. రేపు ఆఫీసర్ అడుగుతడు, ఆంటీ యాడ తప్పు చెప్పిందని. మీరు చూపియ్యాలె."

అతను మెట్లు దిగాడు. నోటరీ చిన్న బల్ల ముందు కూర్చుని స్టాంపులు సర్దుకుంటున్నాడు. అతన్ని దాటి రోడ్డు మీదికి వచ్చాడు. రెబ్కా పోయాక ఆమె గొంతు అతను వినలేదు. ఫోన్లో ఉన్న ఫొటోలన్నీ కూతురికి పంపించి తుడిచేశాడు. ఉంచుకుని ఏం చేస్తాడు, దండ వేస్తాడా.

కూతురు కెరెన్ ఆ సమయానికే ఫోన్ చేసింది. గుర్‌గావ్‌లో నర్సు. తెలుగు అర్థమవుతుంది, నోటికి హిందీయే వస్తుంది.

"డాడీ, సైన్ హో గయా?"

"ఇంకా లేదు."

"కర్ దో నా. ఒక్క కాగజ్ హై. మమ్మీ హోతీ తో వో భీ బోల్‌తీ, సైన్ కరో."

"తెలుసు. మీ అమ్మ ఉన్నా పెట్టమనే అనేది."

"తో ఫిర్?"

మరి ఎందుకు ఆగాడో కూతురికి చెప్పేది కాదు. ఫోన్ పెట్టేసి అజ్మల్ ఖాన్ రోడ్డులో పడి నడిచాడు. బెల్టులవాడూ సాక్సులవాడూ అరుస్తూనే ఉన్నారు. ఒకచోట మూసిన షట్టరు కనిపిస్తే దాని ముందు నిలబడి, వీడియో తెరిచాడు.

మూడున్నర నిమిషాలు. చూసినవాళ్లు నలభై ఒక్కమంది. స్కూలు హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, రంగు కాగితం నక్షత్రాలు. రెబ్కా ఇంకా లేవలేదు. ఎవరో మైకు చాపుతున్నారు. మొదట వినిపించిన గొంతు ఆమెది కాదు.

"లెగు. నువ్వే చెప్పు. నాకు మైకు పట్టుకోవడం రాదు."

అతనిదే. తను అలా అన్నట్టు జాన్‌బాబుకు గుర్తే లేదు. భార్యకు మాట్లాడే అనుమతి లేదని కాగితంలో మొదటి మాట. ఆ మాటకు వీడియో మొదటి క్షణంలోనే తాడు తెగింది.

రెబ్కా లేచింది. కొంగు భుజం మీద సర్దుకుంది.

"ప్రభువుకి స్తోత్రం. మా ఆయన ఇంట్లోనే మాట్లాడడు, ఇక్కడేం మాట్లాడతాడు. అందుకని నన్ను లేపాడు." జనం నవ్వారు. "మా ఆస్పత్రిలో ఆటోక్లేవ్ పట్టీలు ఊరికే పగిలిపోయేయి. ఊక బూడిద కలిపితే నిలబడుద్దని మా ఆయన కనిపెట్టాడు. అయితే బూడిదలో నల్ల నలకలొచ్చేయి. నలక ఉన్నకాడే పట్టీ పగిలేది. ఎంత కడిగినా పోలేదు. అప్పుడు దేవుడు ఆయనకి చూపించాడు. మాకు డ్యూటీలో మొదటి రోజే చెబుతారు, కత్తెరకి రక్తం ఉండగా ఆవిరి పెట్టొద్దు, మరక కాలి అంటుకుపోద్ది, ఇంక రాదు అని. ముందు కడగాలి, తర్వాతే వేడి. ఊకకైనా అంతే. నిమ్మ ఉప్పు వేసిన వేడినీళ్లలో రెండు గంటలు నానబెట్టి, కడిగి, ఎండేసి, అప్పుడు కాల్చాం. మల్లెపువ్వులాగా వచ్చింది. ఇది దేవుడు మా ఆయనకిచ్చిన జ్ఞానం."

అంతే. కూర్చుంది. వీడియో ఆగింది.

జాన్‌బాబు మళ్లీ మొదట్నించీ పెట్టాడు. తప్పు కోసం వెతికాడు. రెండు గంటలు, నిజం. నిమ్మ ఉప్పు, నిజం. కడిగాక ఎండేయడం, అదీ నిజం. ఈ మూడున్నర నిమిషాలు విని ఎవడైనా చేసుకోవచ్చు. సేఠ్ చేసుకున్నాడు.

పట్టీ మీద పని మొదలుపెట్టిన కొత్తలో మూడు నెలలు అతను బూడిదను కడిగాడు. కాల్చాక కడిగాడు. సబ్బు నీళ్లతో, సోడా నీళ్లతో, దేనితో పడితే దానితో. ఒకరోజు రెబ్కా డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా వంటగది గుమ్మంలో నిలబడి చూసింది.

"కాల్చాక కడుగుతారేంటండీ? మా కాడ ఆయాకి కూడా తెలుసు, ముందు కడగాలని."

"నీకేం తెలుసు రబ్బరు గురించి," అన్నాడు అతను. అరిచాడు. పక్కింటి సర్దారు తలుపు తీసి చూశాడు కూడా.

ఆమె తన సెలవు రోజున అతను బజారుకు వెళ్లినప్పుడు, ఆస్పత్రిలో కెటిల్‌కు పట్టిన సున్నం వదిలించడానికి వాడే నిమ్మ ఉప్పు వేసి ఊకను నానబెట్టింది. ఎండేసింది. అతని కొలిమిలోనే కాల్చింది. స్టీలు గిన్నెలో తెల్లటి బూడిద అతని బల్ల మీద పెట్టి, మర్నాడు పొద్దున డ్యూటీకి వెళ్లిపోయింది. సాయంత్రం వచ్చాక అతను "వచ్చింది" అన్నాడు. "అవునా" అంది. ఆ సంగతి మళ్లీ వాళ్ల మధ్య రాలేదు.

దరఖాస్తు వేసిన రోజు ఈ ఆఫీసులోనే, కనిపెట్టింది ఎవరెవరని కిరణ్మయి అడిగింది. "నేనొక్కణ్నే," అన్నాడు. రెబ్కా పక్క కుర్చీలో ఉంది. అప్పటికి జుట్టంతా ఊడి తలకు గుడ్డ కట్టుకుంది. ఫ్లాస్కు మూత బిగిస్తూ "అవునమ్మా, ఆయనే," అంది. ఆమె అలా అంటుందని అతనికి తెలుసు. తెలిసే అన్నాడు.

నీకేం తెలుసు. అప్పుడు వంటగదిలో అరిచిన మాటనే ఇప్పుడు ఇంగ్లీషులో టైపు చేయించి, స్టాంపు వేయించబోతున్నాడు.

రెండు కావడానికి పది నిమిషాలు ఉండగా మెట్లెక్కాడు. ఎగశ్వాసతో గుమ్మంలోనే నిలబడ్డాడు.

"దొరికిందా అంకుల్? యాడ తప్పు చెప్పింది?"

"ఒక్కచోట. దేవుడు నాకు చూపించాడంది. నాకు ఏ దేవుడూ చూపించలా. ఆమే చూపించింది. ముందు కడగాలన్నది ఆమె. నిమ్మ ఉప్పు ఆమెది. మొదటి గిన్నె కాల్చింది కూడా ఆమే. నేను బజారులో ఉన్నా అప్పుడు."

కిరణ్మయి పెన్ను కింద పెట్టింది. "అంకుల్, ఇది మీరు నాకు చెప్పకపోతే మంచిగుండు."

"చెప్పాగా."

"తెలిసినంక ఈ అఫిడవిట్ నేను కూడ వెయ్యలేను."

"వెయ్యొద్దు. ఆ తర్జుమా సరిగ్గానే ఉందని రాయి. ఆమెను లేపింది నేనేనని రాయి."

"ఇంక కేసేం మిగిలింది? సేఠ్ గెలుస్తడు."

"గెలుస్తాడు. వాడి పట్టీ వారానికే పగలాలని నాకు ఉంది. పగలదు. ఆమె చెప్పినట్టే చేస్తున్నాడు వెధవ."

కిరణ్మయికి నవ్వు రాబోయి ఆగిపోయింది. కింద లెహంగాల కొట్టులో ఎవరో బేరం కుదరక గొంతు పెంచారు. జాన్‌బాబు కిటికీ దాకా వెళ్లి వచ్చి అడిగాడు.

"దరఖాస్తులో ఇంకో పేరు ఎక్కించాలంటే?"

"కనిపెట్టినోళ్ల పేర్లలోనా? దానికి వేరే ఫారం ఉంది. కానీ ఎందుకంకుల్, రిఫ్యూజ్ అయ్యేదానికి?"

"రిఫ్యూజ్ చేస్తే ఆ కాగితాలు తగలేస్తారా?"

"తగలెయ్యరు. వెబ్‌సైట్‌ల ఉంటది. రిఫ్యూజ్డ్ అని రాసి ఉంటది, కనిపెట్టినోళ్ల పేర్లు కూడ ఉంటయి."

"అయితే ఎక్కించు."

"అంత ఈజీ కాదు అంకుల్. పోయిన మనిషి. డెత్ సర్టిఫికెట్, కెరెన్ సంతకం తర్వాతనన్న తెచ్చియ్యాలె. ఇన్నేండ్లు ఎందుకు దాచిండ్రని మిమ్మల్ని అడుగుతరు. రాతలో చెప్పాలె."

"చెబుతా."

"ఏమని?"

"ఉన్నదే."

కిరణ్మయి అఫిడవిట్ నిలువునా చింపి బుట్టలో వేసింది. కంప్యూటరు వైపు తిరిగింది. "ఆంటీ పూర్తి పేరు?"

"పెరవలి రెబ్కా."

"మీ పేరు కింద రాస్త."

"పైన రాయి."

టైపు చేసి, చదివి వినిపించి, సంతకాలు పెట్టించుకుని, అప్‌లోడ్ చేసేసరికి మూడున్నరైంది. రెండు చోట్ల అతని సంతకం వంకర పోయింది. ఆమె మళ్లీ పెట్టమనలేదు. రబ్బరు పట్టీ బల్ల మీద మర్చిపోయి దిగిపోతుంటే వెనక నుంచి పిలిచి ఇచ్చింది. నోటరీ భోజనం చేసి వచ్చి, మెట్ల పక్కన కునుకు తీస్తున్నాడు.

మండీ హౌస్‌లో రైలు మారేటప్పుడు అంకయ్య ఫోన్ చేశాడు.

"అన్నా, ఏమని రాశావు? సేఠ్ పొద్దున్నించీ నన్నే అడగతన్నాడు."

"నువ్వు రాసింది మాటకి మాట కరెక్టని రాశా."

"అన్నా, నువ్వు…"

"నిన్ను క్షమించానని కాదు. ఆమె చెప్పింది నిజమని. పెట్టెయ్."

ఫరీదాబాద్ రైలు వచ్చింది. సరితా విహార్ దాటాక చాలా సీట్లు ఖాళీ అయ్యాయి. తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని ఫోన్ తీశాడు. వీడియో తెరిచి, మొదటి మాట, తన గొంతు, దాటించి, ఆమె లేచి కొంగు సర్దుకునే చోట పెట్టాడు. చూసినవాళ్లు నలభై రెండు అని ఉంది. బాటా చౌక్ దాకా అలాగే నిలబడి వెళ్లాడు.