తేలిక పరుగు

మా ఇంట్లో పరుగెత్తేది ఒక్కతే, అలసిపోయేది నలుగురం.

ఆ ఒక్కతీ మా అన్నయ్య కూతురు. హైస్కూలు చివరి సంవత్సరం చదువుతోంది. ఇంట్లో అందరం ఉడుత అని పిలుస్తాం. దానిది గ్రౌండులో గుండ్రంగా తిరిగే పరుగు కాదు. మట్టిదారి, గడ్డి, గుట్ట, బురద, ఏది ఎదురైతే దాని మీదుగా మైళ్లకు మైళ్లు పోయే పరుగు. క్రాస్ కంట్రీ అంటారట. 'కాళ్లకు వేరే పని లేక' అని మొదట్లో నేనూ వెక్కిరించాను. తరవాత తరవాత ఆ పరుగే మా ఇంటి గడియారమై కూర్చుంది.

చీకటి పడగానే ఉడుత పడుకోవాలి కాబట్టి టీవీ గొంతు నొక్కేయాలి. పొద్దున వేసుకునే బట్టలను సాక్సులతో సహా ముందురోజే కుర్చీలో అమర్చి పెడుతుంది. అచ్చం మనిషి కూర్చున్నట్టే ఉంటుంది. ఆ కుర్చీని చూసి మా అన్నయ్య ఒకసారి జడుసుకుని 'ఎవరండీ మీరు?' అని కూడా అడిగాడు. తడిసిన బూట్లలో పాత పేపర్లు కుక్కి కిటికీలో ఆరబెడుతుంది. అన్నయ్య ఇంకా చదవని పేపరు కూడా దాని లెక్కలో పాతదే. ఇక విశ్రాంతి రోజున చూడాలి దాని వైభవం. ముందు గదిలో నా కుట్టు మిషను పక్కనే నేల మీద వెల్లకిలా పడుకుని కాళ్లు గోడకు ఆనిస్తుంది. ప్యాంటు పొడుగు తగ్గించమనో, జాకెట్టు వదులు చేయమనో వచ్చేవాళ్లకు ముందు పాదాలు కనబడతాయి, ఆ తరవాతే మనిషి.

"అమ్మాయికి ఏమైందండీ?" అంటారు కంగారుగా.

"విశ్రాంతి తీసుకుంటోంది. చాలా కష్టపడి తీసుకుంటోంది" అంటాను.

ఈ అలవాట్లన్నీ నేర్పింది వాళ్ల స్కూలు డ్రిల్లు మాస్టారు. మెడలో ఈల లేకుండా ఆయన్ను ఎవరూ చూసి ఉండరు, అందుకే ఆయన మాకు ఈల మాస్టారు. ఆయన పెట్టిన నియమాల్లో ఒక్కటి మాత్రం నాకు మహా నచ్చింది. రోజూ విరగబడి పరుగెత్తకూడదట. వారంలో రెండు రోజులే గట్టి పరుగు, అది ఆయన కళ్లముందు. మిగతా రోజులు తేలిక పరుగు. తేలిక అంటే ఎంత తేలికో తెలిసేదెలా? పరుగెత్తుతూనే ఎవరితోనైనా హాయిగా కబుర్లు చెప్పగలగాలి. మాట తెగిందంటే వేగం ఎక్కువైనట్టు.

మరి మాట్లాడటానికి మనిషి కావాలి కదా! మొదట రెండు రోజులు ఉడుత తనలో తనే మాట్లాడుకుంటూ పరుగెత్తింది. వీధి చివర పాలబూతు ఆయన భయపడి మా అన్నయ్యకు కబురు పెట్టాడు. వాళ్లమ్మ, అంటే మా వదిన, ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ చేసి తెల్లవారేసరికి వచ్చి పడుకుంటుంది. అన్నయ్య సిటీ బస్సు డ్రైవరు, మొదటి బస్సు ఆయనదే. మిగిలింది నేను. నాకు మొగుడూ లేడు, పిల్లలూ లేరు, నోరు మాత్రం పుష్కలంగా ఉంది. వదిన పాత సైకిలు తీసి ఉడుత పక్కన బయల్దేరాను.

రోజంతా మిషను తొక్కే మోకాళ్లు నావి. సైకిలు ఎక్కితే అది కదులుతోందో నిలబడిందో నాకే అనుమానం వచ్చేది. ఉడుత నా పక్కనే చిన్న చిన్న అడుగులు వేస్తూ, చేతులు వదులుగా వేలాడేసి, ఏదో పెళ్లి నడకలా పరుగెత్తేది. నోరు మాత్రం నూరు మైళ్ల వేగంతో పోయేది.

అసలు సంగతి ఇక్కడే ఉంది. వదిన నిద్ర చెడుతుందని మా ఇంట్లో పొద్దుటిపూట ఎవరం గట్టిగా దగ్గం కూడా. సాయంత్రం ఉడుతకు హోంవర్కు, ఆ వెంటనే నిద్ర. ఆ వయసు పిల్ల ఇంట్లో ఏమడిగినా 'ఊఁ', 'ఉహూఁ', ఈ రెంటితోనే కాపురం వెళ్లదీస్తుంది. అదే పిల్ల రోడ్డు ఎక్కితే చాలు, స్నేహితురాలు ఎందుకు అలిగిందో, లెక్కల టీచరుకు తనంటే ఎందుకు పడదో, రాత్రి ఏం కల వచ్చిందో, పెద్దయ్యాక ఏం కావాలనుందో, ఏం కావడమంటే భయమో, అన్నీ చెప్పేది. ఎవరికీ చెప్పనివి నాకు చెప్పేది. నేనూ చెప్పేదాన్ని. బట్టలు కుట్టించుకునే ఒకాయన కొలతలు ఇచ్చేటప్పుడు పొట్ట లోపలికి పీల్చి, తొడుక్కునేటప్పుడు వదిలేసి నన్ను తిడతాడని చెబితే, నవ్వలేక వీధిదీపం స్తంభం పట్టుకుని నిలబడిపోయింది. నా బతుకులో అంత బాగున్న రోజులు లేవు. ఉన్న మాట చెప్పడానికి సిగ్గెందుకు?

ఒకరోజు అలా మాట్లాడుతూనే అంది:

"అత్తా, వచ్చే నెల సెలక్షన్ రేసు. మొదటి ఏడుగురినే స్కూలు టీములోకి తీసుకుంటారు. పోయినేడు నేను ఎనిమిది."

"తెలుసే. వారం రోజులు ముఖం చూపించలేదు నువ్వు."

"ఈసారి కూడా రాకపోతే ఇంక లేదత్తా. వచ్చే ఏడు స్కూల్లోనే ఉండను."

"వస్తావు, చూడు. వచ్చాక ఏం చేస్తారు?"

"టీమంతా కలిసి పొద్దున్నే స్కూలు గ్రౌండులోనే ప్రాక్టీసు. రోజూ."

నా సైకిలు కాస్త అటూ ఇటూ ఊగింది. రోజూ అంటే రోజూ. అది గెలిస్తే నా పొద్దుటి పూటలు పోయినట్టే. గెలవాలని ఉంది, పోకూడదనీ ఉంది. ఈ రెండు కోరికలకూ పొత్తు కుదరదని చిన్నపిల్లకైనా తెలుస్తుంది.

సరిగ్గా అప్పుడే మా అన్నయ్యకు డ్యూటీ మారి మధ్యాహ్నం బస్సు వచ్చింది. పొద్దున ఖాళీగా ఉన్న మగాడు ఇంటికి అరిష్టం. ఒకరోజు గుమ్మంలో నిలబడి మేం తిరిగి రావడం చూశాడు.

"ఇదేనా మీ ట్రైనింగు? ఇందాక ఒక ముసలాయన చేతికర్రతో మిమ్మల్ని దాటిపోయాడు, చూసుకున్నారా?"

"ఆయనకు నమస్కారం కూడా పెట్టాం" అన్నాను.

"నవ్వులాట కాదు చెల్లీ. నెలలో రేసు పెట్టుకుని కబుర్లేంటి? ఆలస్యం అమృతం విషం అన్నారు."

"నిదానమే ప్రధానం అని కూడా అన్నారు."

"అన్నవాడు బస్సు నడపలేదులే!"

"పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలు అన్నవాడు మాత్రం బస్సులో నిలబడే అన్నాడేమో" అన్నాను. ఉడుత పక్కుమంది. లోపల వదిన మంచం కిర్రుమంటే ముగ్గురం నోళ్లు మూసుకున్నాం.

మర్నాటి నుంచి అన్నయ్యే మోపెడ్డు మీద దాని వెంట పడ్డాడు. ఆయనది ఒకటే సిద్ధాంతం: బస్సు నిన్నటికంటే ఈరోజు ముందు చేరాలి, పిల్ల కూడా అంతే. వెనక నుంచి హారను కొట్టేవాడు. మలుపు వస్తే, దాని కోసమో తన అలవాటు కొద్దీనో, చెయ్యి బయటపెట్టి సిగ్నలు ఇచ్చేవాడు. ఈల మాస్టారితో చెప్పవే అంటే, నాన్న చిన్నబుచ్చుకుంటాడని ఉడుత చెప్పలేదు. ఆ పిల్ల మనసు అలాంటిది.

మొదటి వారం నిజంగానే వేగం పెరిగింది. అన్నయ్య తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని వీధంతా చాటాడు. రెండో వారానికి కథ అడ్డం తిరిగింది. కంచం ముందు కూర్చుని నిద్రపోయేది. కుర్చీలో బట్టలు అమర్చడం మానేసింది. మెట్లు దిగేటప్పుడు మోకాళ్ల కింద ముంగాళ్లు పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగేది. స్కూల్లో గట్టి పరుగు రోజున అందరికంటే వెనక వచ్చిందట. అడిగితే 'ఊఁ' అంది. ఆ తరవాత 'ఉహూఁ' అంది.

నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం నా మనసులో ఒక పాడు ఆలోచన మెదిలింది. ఇది ఇలాగే ఓడిపోతే టీమూ ఉండదు, ప్రాక్టీసూ ఉండదు, పొద్దుటి పూటలు మళ్లీ నావే. మరుక్షణమే దాని వాచిన కాళ్లు కనబడ్డాయి. నా మీద నాకే ఎంత ఒళ్లు మండిందంటే, ఆ మంటలో కుడుతున్న ప్యాంటు రెండు కాళ్లూ కలిపి కుట్టేశాను.

అన్నయ్య దగ్గరికి పోయాను. "నీ బస్సును రోజూ టాప్ గేరులోనే నడుపుతావా? డిపోలో ఎప్పుడూ ఆపవా?" అని అడిగాను.

"మిషను ముందు కూర్చునేదానివి నీకేం తెలుసు?" అన్నాడు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఇక లాభం లేదని, మా ఇంట్లో ఎవరూ ఏనాడూ చేయని సాహసం చేశాను. పట్టపగలు వదినను నిద్రలేపాను.

వదిన కళ్లు తెరిచింది. "ఇల్లు తగలబడిందా?"

"లేదొదినా."

"మరి?"

"ఉడుత కాళ్లు చూడొకసారి."

వదిన లేచింది. జుట్టు ముడి వేసుకుంటూ వచ్చి, కూతుర్ని కూర్చోబెట్టి, ముంగాళ్ల మీద వేలితో నొక్కింది. ఉడుత కెవ్వుమంది. వదిన మొగుడి వైపు తిరిగి చెయ్యి చాపింది.

"బండి తాళం."

"అది కాదే, ఇంకా రెండు వారాలే..."

"తాళం."

ఆసుపత్రిలో డాక్టర్లు కూడా ఆవిడకు ఎందుకు భయపడతారో ఆ రోజు నాకు అర్థమైంది. అన్నయ్య తాళం ఇచ్చాడు. "వారం పూర్తిగా విశ్రాంతి. తరవాత మాస్టారు చెప్పినట్టే. మాస్టారితో నేను మాట్లాడతాను" అని చెప్పి, తాళం తలగడ కింద పెట్టుకుని వదిన మళ్లీ పడుకుంది.

వారం రోజులు గోడకు మళ్లీ పాదాలు వెలిశాయి. ఆ తరవాత సైకిలు తీశాను. మొదటి రోజు కొంతదూరం కాళ్లు సరిచూసుకుంటూ పరుగెత్తింది. ఆ పైన ఆనకట్ట తెగినట్టు మూడు వారాల కబుర్లూ ఒక్కసారిగా నా మీదికి వదిలింది.

రేసు రోజున స్కూలు వెనక గడ్డిమైదానం అంచున నిలబడ్డాం, అన్నయ్యా నేనూ, డ్యూటీ నుంచి తిన్నగా వచ్చిన వదినా. పిల్లలు మైదానం దాటి, చెట్లలోకి దూరి, గుట్ట చుట్టూ తిరిగి మళ్లీ ఇక్కడికే రావాలి. ఈల మోగింది. చెట్లలోకి పోయేటప్పుడు ఉడుత బాగా వెనక ఉంది. అన్నయ్య నా వైపు చూసిన చూపుకు అర్థం నేను చెప్పనక్కర్లేదు.

ఎంతకీ ఎవరూ రారు. మొదట ఒక పొడుగు పిల్ల గుట్ట దిగింది. దాని వెనక ముగ్గురు గుంపుగా వచ్చారు. మరొకతి వచ్చింది, ఇంకొకతి వచ్చింది. ఆరుగురు. తరవాత ఇద్దరు కనబడ్డారు. ముందున్న పిల్ల మెడ పక్కకు వాలిపోయి, కాళ్లు ఈడ్చుకుంటూ వస్తోంది. వెనక మా ఉడుత. నోరు గట్టిగా బిగించి, కళ్లు చివరి గీత మీద నిలిపి, నేనెన్నడూ చూడని పరుగు పరుగెత్తుతోంది. ఇంత వేగం దాని కాళ్లలో ఉందని నాకే తెలియదు. నా పక్కన చిన్న చిన్న అడుగులు వేసే పిల్లేనా ఇది!

"పోవే! పోవే తల్లీ!" అని అరిచాను. గెలిస్తే నా పొద్దుటి పూటలు పోతాయన్న సంగతి ఆ క్షణంలో గుర్తే లేదు. అన్నయ్య నోటితోనే హారను కొట్టాడు.

గీతకు నాలుగడుగుల ముందు ఆ పిల్లను దాటేసింది. ఏడు.

వచ్చి నా మీద పడింది. "చూశావా, ఆ మొదటి వారం నేను పెంచిన స్పీడే ఇది" అన్నాడు అన్నయ్య. వదిన ఆయన జేబులో బండి తాళం పడేసింది.

సోమవారం నేను లేచేసరికే ఉడుత వెళ్లిపోయింది. కుర్చీ ఖాళీగా ఉంది. వదిన అప్పుడే వచ్చి పడుకుంది కాబట్టి మిషను తొక్కడానికి లేదు. కాసేపు కూర్చున్నాను, కాసేపు నిలబడ్డాను. సైకిలు తీసి వీధి చివరిదాకా పోయి, పాలబూతు ఆయనతో చిల్లర మీద అనవసరంగా గొడవ పెట్టుకుని తిరిగి వచ్చాను. అప్పుడు ఏడుపు వచ్చింది. శుభమా అంటూ పిల్ల గెలిస్తే ఏడవడమేమిటని నన్ను నేనే తిట్టుకుంటూ ఏడ్చాను. ఆ వారమంతా అలాగే గడిచింది. సాయంత్రం ఉడుత నా చుట్టూ తచ్చాడి, ఏదో చెప్పబోయి, నిద్ర ముంచుకొచ్చి పోయేది.

శనివారం సాయంత్రం ఈల మాస్టారు మా ముందు గదిలోకి వచ్చారు. ప్యాంటు కుట్టించుకోవడానికేమో అని టేపు తీశాను.

"అది కాదమ్మా, మీ మేనకోడలి గురించి. గట్టి పరుగు బ్రహ్మాండంగా చేస్తోంది. తేలిక పరుగు రోజునే చిక్కు. అందర్నీ తోసుకుని ముందుకు దూసుకుపోతోంది. దాన్ని చూసి మిగతావాళ్లూ ఎగబడుతున్నారు. ఏమ్మా అంటే, 'నిదానంగా పరుగెత్తడం నాకు రాదు సార్' అంటోంది. మీ సైకిలు పక్కన ఉంటేనే వస్తుందట. తేలిక పరుగు రోజుల్లో మీరు కాస్త గ్రౌండుకు రాగలరా? టీమంతా మీ వెనకే వస్తారు."

టేపు చేతిలోనే ఉండిపోయింది. నిదానంగా పరుగెత్తడం ఉడుతకు రాదా! ఇన్ని నెలలు ముసలాయన చేతికర్రకు దారి ఇచ్చిన పిల్లకు! నాన్న చిన్నబుచ్చుకుంటాడని కాళ్లు వాచినా మాట్లాడని పిల్ల, మాస్టారి ముఖం మీదే ఇంత పెద్ద అబద్ధం ఆడింది. నా కోసం ఆడింది. వాకిట్లో కిటికీ పక్కన బూట్లలో పేపర్లు కుక్కుతూ, అసలు ఇటువైపు చూడకుండా, చెవులు మాత్రం ఇక్కడే పెట్టి కూర్చుంది.

టేపు చుట్టి మిషను మీద పెట్టాను. ఒకసారి దగ్గి, ముఖం వీలైనంత గంభీరంగా పెట్టాను.

"నిజమే మాస్టారూ" అన్నాను. "దానికి నిదానం బొత్తిగా రాదు."