డఫ్ పట్టిచ్చిన వేషగాడు

ఇటు రా తల్లీ, ఆ కిటికీ దగ్గర చలిగాలి కొడుతుంది. పొయ్యి పక్కకు జరుగు, టీ పోసుకో. మీ తాత వలల కొట్టు నుంచి వచ్చేలోపు మా డఫ్ కథ చెప్పేస్తాను. ఆయనుంటే నడుమ నడుమ తన గొప్పలు కలుపుతాడు.

డఫ్ మా కుక్క. పిల్లగా ఉన్నప్పుడు అచ్చం కిస్మిస్ వేసి గుడ్డలో మూటకట్టి ఉడకబెట్టే డఫ్ అనే పిండి ముద్దలా గుండ్రంగా ఉండేవాడు, అందుకే ఆ పేరు. మీ తాత హెడ్లీ పడవ ముందుభాగం వాడి సొంత ఆస్తి. ఆయన కాడ్ చేపల వేట నుంచి వస్తుంటే ఒడ్డున నాకు ముందు వినిపించేది పడవ ఇంజిను కాదు, వీడి అరుపు.

అలాంటివాడు ముసలివాడయ్యాడు. కళ్ల మీద తెల్లటి పొర కమ్మింది. చెవులు మందగించాయి. వెనక కాళ్లు నేల మీద జారిపోయేవి. వంటింటి నుంచి గుమ్మం దాకా పాత కార్పెట్ ముక్కలు పరిచాను. బయటికి తీసుకెళ్లాలంటే పొట్ట కింద తువ్వాలు వేసి, రెండు కొసలూ పట్టుకుని వెనక భాగం పైకెత్తేదాన్ని. వాడు ముందుకాళ్లతో, నేను నా రెండు కాళ్లతో, ఇద్దరం కలిసి ఒకే జంతువులా మంచులోకి నడిచేవాళ్లం.

పక్కింటి డల్సీ కంచె దగ్గర నిలబడి, “ఎవరు ఎవర్ని తిప్పుతున్నారక్కా?” అనేది.

“ఇవాళ వాడి వంతే!” అనేదాన్ని.

మాత్రను బొలోనీ మాంసం ముక్కలో దాచి పెడితే, బొలోనీ మింగి మాత్రను నా చెప్పు మీద ఉమ్మేవాడు. ముసలాడైనా దొంగబుద్ధి పోలేదు. నాకదీ ముద్దుగానే ఉండేది.

బాధ వేరేచోట మొదలైంది. మోకాళ్ల నొప్పులతో హెడ్లీ ఆ ఏడు వేట మానేసి పడవ అమ్మేశాడు. డాక్టరమ్మ పొగాకు పైపు మాన్పించింది. మీ అమ్మ కొత్త ఉన్ని కోటు, సువాసన సబ్బులు పంపింది. మనిషి పెళ్లికొడుకులా తయారయ్యాడు. ఆకు రాలే కాలం వచ్చేసరికి, ఆయన గుమ్మంలో అడుగుపెడితే చాలు, డఫ్ దొంగను చూసినట్టు మొరిగేవాడు. చెయ్యి చాపితే బల్ల కిందికి దూరి వణికేవాడు.

ఒకరోజు ఆయన కోటు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాడు.

“వాడికి నేనెవరో తెలీట్లేదే. సొంతింట్లో పరాయివాళ్ల మధ్య బతుకుతున్నాడు. అదేం బతుకు? క్రిస్మస్ పండగ పోనీ, పశువుల డాక్టర్ని పిలుద్దాం.”

“నన్ను గుర్తుపడుతున్నాడుగా!”

“నువ్వు బొలోనీ పెడతావ్ కాబట్టి.”

డాక్టర్ సూది వేసి వాణ్ణి శాశ్వతంగా నిద్రపుచ్చడానికేనని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

క్రిస్మస్ వెళ్లాక మా రేవులో వేషాల రోజులు. మొహాలు కప్పుకుని ఇంటింటికీ వస్తారు, ఎవరెవరో ఇంటివాళ్లే పట్టుకోవాలి. ఆ సాయంత్రం హెడ్లీ “రంపం అడిగొస్తా” అని అకార్డియన్ వాయించే గార్లండ్ ఇంటికి వెళ్లాడు. కాసేపటికి తలుపు మీద కర్ర చప్పుడు. ఊపిరి లోపలికి పీలుస్తూ, గొంతు మార్చి, “వేషాలకు చోటుందా లోపల?” అని కేక.

“చోటుంది, బూట్ల మంచు దులుపుకుని రండి!” అన్నాను.

వచ్చారు. ఒకడికి వీపు మీద దిండు గూని. ఒకతె మొహం మీద కిటికీ తెర. ఇంకొకడు తిరగేసి తొడిగిన పాత వేట కోటులో, తలకు దిండు గలీబు తగిలించుకుని, లోపల పొట్టకు ఏదో కుక్కుకుని పీపాలా ఉన్నాడు. అకార్డియన్ మొదలైంది, వంటింటి నేల అదిరింది. వెనకటి రోజుల్లో వేషాలన్నిటినీ డఫ్ వాసనతో పట్టిచ్చేవాడు. వాణ్ణి మోసం చెయ్యాలని జనం ఒంటికి కిరసనాయిలు పూసుకునేవాళ్లు. ఇప్పుడు తలైనా ఎత్తకుండా పడుకున్నాడు.

పాదాలు చూసి డల్సీని పట్టేశాను. అకార్డియన్ తప్పులు విని గార్లండ్‌ను పట్టేశాను. ఆ పీపా మాత్రం చిక్కలేదు.

“ఎగువ రేవు నుంచొచ్చిన తాగుబోతా?” అన్నాను. పీపా బుర్ర అడ్డంగా ఊపింది.

అప్పుడు డఫ్ ముక్కు కదిలింది. ముందుకాళ్లు ఆన్చాడు. వెనక కాళ్లు జారాయి. తువ్వాలు అందుకునేలోపు మళ్లీ ప్రయత్నించి లేచాడు తల్లీ, తనంతట తనే లేచాడు! కార్పెట్ ముక్కల మీద తూలుతూ వెళ్లి ఆ పీపా మోకాళ్ల మధ్య తల దూర్చాడు. తోక కుర్చీ కాలికి టకటకా కొట్టుకుంటోంది. గొంతులోంచి సన్నటి కూత, పడవ ఒడ్డుకు తగిలినప్పుడు కూసే కూత. ఆ కూత వాడు ఒక్కరి కోసమే కూసేవాడు.

“హెడ్లీ! తియ్యి ఆ ముసుగు!” అని అరిచాను.

ఆయనకు ముసుగు తియ్యాలని తోచలేదు. అలాగే మోకాళ్ల మీద కూలి, డఫ్ మెడ కావలించుకున్నాడు. గలీబు లోపల నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో, గుడ్డ మాత్రం తడిసిపోయింది. తర్వాత లేవలేకపోతే ఇద్దరు పట్టి లాగారు.

“ఈయన్ని కూడా తువ్వాలేసి ఎత్తక్కా!” అంది డల్సీ.

తెల్లారి ఆయన కొత్త కోటులో వచ్చాడు. డఫ్ మొరిగాడు. బయటికెళ్లి వేట కోటు తొడుక్కొచ్చాడు. తోక ఊగింది. మళ్లీ కొత్త కోటు, మళ్లీ మొరుగు. అప్పటికి నాకు వెలిగింది.

“వాడు నిన్ను మర్చిపోలేదయ్యా మహానుభావా, నువ్వే స్నానాలు ఎక్కువ చేస్తున్నావ్! కాడ్ నూనె, వల తారు, పైపు పొగ, అవన్నీ ఆ కోటులోనే ఉండిపోయాయి.”

ఇక డాక్టర్ మాట ఎత్తితే ఒట్టు. ఆ చలికాలమంతా ఆయన అదే కోటుతో అన్నం తిన్నాడు, అదే కోటుతో కుర్చీలో కునికాడు, చర్చికి కూడా అదే. మా వరుసలో ఎవరూ కూర్చోలేదు. కిటికీలు తీస్తే చలి, మూస్తే కంపు. నేను తిట్టని రోజు లేదు, నవ్వని రోజూ లేదు. తువ్వాలు రెండో కొస ఇప్పుడు ఆయన పట్టుకునేవాడు.

మంచు కరిగింది. ఎండాకాలం మొదట్లో కేప్లిన్ చేపలు ఒడ్డుకు కొట్టుకొచ్చే రోజులూ చూశాడు డఫ్. ఒక మధ్యాహ్నం ఎండలో, ఆ కోటు ఒడిలో తల పెట్టి నిద్రపోయి, ఇక లేవలేదు. మేమిద్దరం పక్కనే ఉన్నాం.

గుర్తుపెట్టుకో తల్లీ, నీ పిల్లలకూ చెప్పు. కంపు తగ్గించి చెప్పకు, నా మీద ఒట్టు. ఇన్నేళ్లు కాపురం చేసిన పెళ్లాం మొగుణ్ణి తాగుబోతనుకుందనీ, చూపులేని ముసలి కుక్క పట్టేసిందనీ, ఆ ముక్క మాత్రం అస్సలు వదలకు.