పసుపు పట్టీ వాళ్ళు

పలకరింపు మీద పరిశోధన చేస్తున్నానని వైదేహి చెప్పినప్పుడు జనగామలో వాళ్ళమ్మ ఒక్కటే మాట అడిగింది. "దానికి యూనివర్సిటీ దాక పోవుడెందుకే, అరుగు మీద కూసుంటే తెలుస్తది గద." మనస్తత్వశాస్త్రంలో పీహెచ్‌డీ అంటే ఏమిటో ఆవిడకు తెలియదు. ఆరేళ్ళు చదివాక వైదేహికి మాత్రం తెలుసా అంటే, అది వేరే సంగతి. గడువు ఒకసారి పొడిగించారు, ఇంకోసారి పొడిగించరు. గైడు ఇమ్మానుయేల్ సారు జూన్‌లో రిటైరవుతున్నారు. ఆ లోపల థీసిస్ మీద ఆయన సంతకం పడకపోతే ఆరేళ్ళ చదువూ బూడిదలో పోసిన పన్నీరే.

అందుకని ఆమె పకడ్బందీగా ఒక ప్రయోగం తయారుచేసింది. తార్నాక నుంచీ, లాలాగూడ నుంచీ పొద్దున్నే క్యాంపస్‌లో నడవడానికి వచ్చే పెద్దవాళ్ళలో నలభై మందిని బతిమాలి ఒప్పించింది. పేర్లు చిట్టీల మీద రాసి, హాస్టల్ మెస్సులో అడిగి తెచ్చిన స్టీలు గిన్నెలో వేసి కలిపి తీసింది. మొదటి ఇరవై మంది మణికట్టుకు ఆకుపచ్చ పట్టీ, మిగతా ఇరవై మందికి పసుపు పట్టీ. తను నడకదారి మలుపులో కుర్చీ వేసుకుని కూర్చుని, ఎవరు ఎన్ని రౌండ్లు నడిచారో నోట్‌బుక్కులో టిక్కులు పెడుతుంది. ఆకుపచ్చ వాళ్ళను పేరు పెట్టి పలకరించి, బాగా నడుస్తున్నారని మెచ్చుకుంటుంది. పసుపు వాళ్ళతో ఒక్క మాట కూడా మాట్లాడదు. ఇలా నలభై రోజులు. ఎందుకో ఎవరికీ చెప్పకూడదు. మెచ్చుకున్నవాళ్ళే ఎక్కువ నడుస్తారని తేలుతుంది, సారు సంతకం పెడతారు, తను డాక్టర్ వైదేహి అవుతుంది.

చిట్టీలు తీస్తుంటే పసుపు వాటాలోకి ఎంకన్న పేరు వచ్చింది.

ఎంకన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఇనుము మీద గుర్తులు పెట్టిన అలవాటు పోక, ఇప్పటికీ చొక్కా జేబులో ఒక సుద్దముక్క ఉంచుకుంటాడు. ఆరేళ్ళ కింద వైదేహి క్యాంపస్ గేటు దగ్గర పెట్టెతో దిక్కులు చూస్తూ నిలబడితే, ఆ పెట్టె అందుకుని హాస్టల్ దాకా వచ్చింది ఆయనే. అప్పటి నుంచి రోజూ పొద్దున ఆయన "ఏం బిడ్డా, ఛాయ్ తాగినవా?" అనడం, ఈమె "తాగిన కాకా" అనడం. ఆ రెండు మాటలు లేకుండా ఆమెకు ఈ ఊళ్ళో తెల్లవారింది లేదు. చిట్టీ చూడగానే మళ్ళీ గిన్నెలో పడేద్దామనిపించింది గానీ, శాస్త్రానికి కాకా ఏమిటి, చిన్నమ్మ ఏమిటి?

మొదటి రోజు ఎంకన్న మామూలుగానే అడిగాడు. వైదేహి తల నోట్‌బుక్కులో పెట్టేసింది. ఆయన వెనక్కి వచ్చి, గొంతు పెంచి మళ్ళీ అడిగాడు. ఆమె పెట్టిన టిక్కుకు కాగితం చిరిగింది. మూడో రోజు ఆయన చెవిలో వేసుకునే చుక్కలమందు సీసా కుర్చీ పక్కన పెట్టి పోయాడు. నాలుగో రోజు నుంచి అడగడం మానేశాడు. ఆ రోజు నుంచి వైదేహికి ఛాయ్ సహించలేదు.

పది రోజులు గడిచేసరికి ప్రయోగం అడ్డం తిరిగింది. ఆకుపచ్చ పట్టీ వాళ్ళు పలకరించగానే ఆగారు, ఆగినవాళ్ళు కబుర్లలో పడ్డారు, కబుర్లలో పడ్డాక ఇంటి నుంచి కుర్చీలు కూడా తెచ్చుకున్నారు. వాళ్ళకు పెద్దదిక్కు సాలమ్మ. గుంటూరు వైపు నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడిన రిటైర్డు టీచరమ్మ. రోజూ డబ్బాలో ఉప్మా తెచ్చేది.

"ఒక్క రౌండన్నా నడవండి మేడం" అని వైదేహి బతిమాలింది.

"బాగా నడుస్తున్నానని నువ్వే అన్నావు కదమ్మా. బాగా నడిచేదాన్ని ఇంకా నడిచి ఏం బావుకోవాలి? ముందు ఉప్మా తిను, చల్లారిపోతోంది."

పసుపు పట్టీ వాళ్ళ తీరు ఇంకోలా ఉంది. ఈ పిల్ల మనతో ఎందుకు మాట్లాడటం లేదు? దసరాకు జమ్మి ఆకు పెట్టలేదనా? ఎవరన్నా ఏమన్నా అన్నారా? ఈ చర్చ నిలబడి చేస్తే ఆమెకు వినబడుతుందని నడుస్తూ చేశారు. తేలక ఇంకో రౌండు వేశారు. ఈసారైనా తలెత్తి చూస్తుందేమోనని మరో రౌండు. రోజుకు మూడు రౌండ్లు నడిచేవాళ్ళు ఏడుకు వచ్చారు. ఒకాయనకు ప్యాంటు జారిపోతుంటే బెల్టుకు కొత్త బెజ్జం పొడిపించుకున్నాడు.

నలభై ఒకటో రోజు ఇమ్మానుయేల్ సారు గ్రాఫు చూసి, కాగితం తలకిందులుగా తిప్పి మళ్ళీ చూశారు.

"పలకరిస్తే కూర్చున్నారు, పలకరించకపోతే నడిచారు. అంతేనా అమ్మా?"

"అవును సార్. నా పని అయిపోయింది సార్."

"ఏమీ అయిపోలేదు. వచ్చిందే రాయి, సున్నం కొట్టి తెల్లగా చేయొద్దు. కానీ ఎందుకొచ్చిందో వాళ్ళనే అడిగి రాయి. శుక్రవారం లోపు ఆ ముక్క లేకపోతే నా సంతకం లేదు."

ఇక మాట్లాడొచ్చు. వైదేహి పరుగున పోయి పసుపు పట్టీ వాళ్ళను అడిగింది. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, "ఎంకన్న చెప్తెనే మేం చెప్తం" అన్నారు. వర్క్‌షాపులో యూనియన్ నడిపిన మనిషి మరి, ఇక్కడా అందరినీ ఒక్క మాట మీద నిలబెట్టాడు.

గురువారం పొద్దున ఎంకన్న ఎదురైతే ఆమే ముందు పలకరించింది.

"కాకా, ఛాయ్ తాగినవా?"

ఎంకన్న చూశాడు, చూసి నడిచిపోయాడు. ఆమె వెంటపడింది. కల్వర్టు దగ్గర ఆయన ఆగి, సుద్దముక్క తీసి గోడ మీద ఒక గీత గీసి మళ్ళీ బయల్దేరాడు. "కాకా, కోపమొచ్చిందా?" జవాబు లేదు. రెండో రౌండు, రెండో గీత. చిట్టీల సంగతి చెప్పింది, పట్టీల సంగతి చెప్పింది, సారు సంతకం సంగతి చెప్పింది. ఐదో రౌండులో చెప్పు తెగితే చేత్తో పట్టుకుని నడిచింది. ఏడో రౌండులో ఏడుపొచ్చింది. సంతకం పోతే పోనీ, ఈ మనిషి ఒక్క మాట మాట్లాడితే చాలనిపించింది. ఎనిమిదో గీత గీశాక ఎంకన్న కల్వర్టు మీద కూర్చున్నాడు.

"ఎనిమిది" అన్నాడు. "నావి గావు, నీవి. ఆరేండ్ల నుంచి జూస్తున్న, నువ్వు ఏనాడన్న ఒక్క రౌండు నడిచినవా? ఇయ్యాల ఎందుకు నడిచినవ్?"

వైదేహి గోడ మీది గీతలు లెక్కపెట్టింది.

"మాట్లాడెటోళ్ళ కాడ మనిషి ఆగుతడు బిడ్డా. మాట్లాడనోళ్ళ సుట్టు తిరుగుతనే ఉంటడు. గదే రాస్కో."

ఆమె అక్కడే నోట్‌బుక్కు తీసి రాసుకుంది, అక్షరాలు మసకబారుతుంటే కళ్ళు తుడుచుకుంటూ.

"నువ్వు రాసుకున్నవ్, నీ పని అయింది. మరి నా సంగతేంది?" అన్నాడు ఎంకన్న. "ఆ పిల్ల మాట్లాడుతలేదని మొదటి దినమే మా ఇంటామెకు చెప్పిన. నువ్వే ఏదో అని ఉంటవ్ అన్నది. నలభై దినాల సంది ఇంట్ల నేనే దొంగను. నడువు, నా తప్పు లేదని నువ్వే వచ్చి చెప్పు."

లాలాగూడలో వాళ్ళ ఇంట్లో ఎంకన్న భార్య సమ్మక్క పొయ్యి ముందు నిలబడి అంతా విన్నది. గిన్నె, చిట్టీలు, పచ్చ పట్టీ, పసుపు పట్టీ, ఏదీ వదలకుండా వైదేహి చెప్పింది. ఇందులో కాకా తప్పు ఆవగింజంత కూడా లేదని రెండుసార్లు చెప్పింది. సమ్మక్క చేతులు తుడుచుకుని ఆలోచించింది.

"అంత మంచిగనే ఉన్నది గని బిడ్డా," అన్నది, "ఇరవై పచ్చ చిట్టీలుండంగ ఈయన పేరు పసుపు దాంట్లకే ఎందుకొచ్చింది? ఏదో చేసే ఉంటడు."

ఎంకన్న వైదేహి వైపు చూశాడు. వైదేహి ఆరేళ్ళ చదువంతా వెతికింది, జవాబు దొరకలేదు. ఆయన నిట్టూర్చి, స్టూలు ఆమె వైపు జరిపాడు.

"ఏం బిడ్డా, ఛాయ్ తాగినవా?"

"లేదు కాకా" అంది వైదేహి. "నలభై దినాలాయె."