మిగిలిన అన్నం

మూడోసారి కడిగిన బియ్యాన్ని పెంటవ్వ ఎసట్లో పోసింది. పదకొండు కిలోలు. గుండిగ పైభాగమంతా బోసిగా కనిపించింది. ఆ ఖాళీ చూస్తే ఆమెకు ఒళ్లు మండుతోంది.

సిద్దిపేటలో పెద్ద దవాఖాన ఎదురుసందు మెస్సులో పద్దెనిమిదేళ్లుగా వంట ఆమెదే. ఆవిరికి మొహం కమిలిపోయింది, గోళ్లు పసుపుతో పండిపోయాయి, ఎడమ మోచేతి మీద గంజి ఒలికిన మచ్చ అరచేయంత ఉంది. మొగుడు పోయిన ఏడు ఈ పొయ్యి దగ్గరికి వచ్చింది, ఇక్కడే ముసలిదైంది. ఇంకో పని రాదు, రమ్మని పిలిచేవాళ్లూ లేరు.

మధ్యాహ్నం మూడింటికి వెనక తలుపు దగ్గరికి రోగుల వెంట వచ్చినవాళ్లు నలుగురైదుగురు వచ్చేవారు. "అన్నం మిగిలింది, పారబోసుడెందుకు, జర తీస్కపోండ్రి" అనేది పెంటవ్వ, అవసరం తనదే అన్నట్టు. మిగలడమా, పాడా! వాళ్లకోసమే రోజూ నాలుగు కిలోలు ఎక్కువ వేసేది. ఆ సంగతి బయటపెడితే తీసుకునేవాళ్ల తల వంగుతుందని భయం. సేటుకూ చెప్పలేదు.

రెండు నెలల కింద చిన్నసేటు కౌశిక్ ఫోనులో ఏఐ పెట్టించాడు. ఎంత వండాలో అదే చెబుతుందట. "రోజుకు ఎంత మిగుల్తుంది పెంటవ్వా?" అని నెలంతా అడిగాడు. అలవాటు పడ్డ నోరు కదా, "నాలుగు కిలోలది మిగుల్తది సేటూ" అంది. నెల తిరిగేసరికి ఆ నాలుగు కిలోలూ కోసేసింది అది. అన్నం పారబోయని మెస్సు అని కౌశిక్‌కు శాలువా కూడా కప్పారు.

నిజం చెబితే పద్దెనిమిదేళ్లు సేటు బియ్యం దొంగతనంగా వండినట్టు. చెప్పకపోతే వెనక గుమ్మంలో ఆకలి. ఒక్కొక్కరే రావడం మానేశారు. అక్కన్నపేట నుంచి వచ్చిన లక్ష్మీబాయి మాత్రం తుంటి విరిగిన మొగుడితో ఇంకా దవాఖానలోనే ఉంది. పదిరోజులుగా పెంటవ్వ తన పళ్లెంలోది ఆమెకిచ్చి గంజి తాగుతోంది. అదీ మిగిలిందనే ఆమెతో చెప్పింది.

గుండిగ మీద మూత పెట్టి లేచేసరికి కళ్లు తిరిగాయి. గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. ఇక నావల్ల కాదనుకుని కౌంటరు దగ్గరికి నడిచింది.

"సేటూ, గది మిగిలింది గాదు. నేనే ఎక్కువ వండిన, దవాఖానోళ్లకు పెట్టెతందుకు."

కౌశిక్ ఫోను దించాడు. "ఎప్పటిసంది?"

"మీ బాపు ఉన్నప్పటిసంది. పొమ్మంటే పోత." ఎక్కడికి పోతుందో ఆమెకే తెలియదు.

కౌశిక్ కోప్పడలేదు. మొహం విప్పారింది! "గింత మంచి పని దాసిపెడ్తరా పెంటవ్వా? సామాజిక బాధ్యతంటే గిదే. నాలుగు కిలోలు ఎయ్యి పో, నేను ఫోన్ల ఎక్కిస్త."

పెంటవ్వకు కాళ్లు నేల మీద ఆగలేదు. అప్పటికప్పుడు ఇంకో ఎసరు పెట్టింది.

మూడింటికి లక్ష్మీబాయి వచ్చింది. ఆమె స్టీలు డబ్బాలో వేడన్నం కూరి, పైన పప్పు పోసింది పెంటవ్వ. "మిగిలింది చెల్లె, తీస్క..." అంటుండగానే వెనక నుంచి కౌశిక్ వచ్చాడు, ఫోను ఎత్తి పట్టుకుని.

"మిగిలింది గాదమ్మా, మీకోసమే వండిచ్చినం. ఇటు సూడు. డబ్బా జర పైకి పట్టు. ఎవలికిచ్చినమో మొహం కనవడాలె, లేకుంటే ఈ ఫోను మళ్ల మిగులు కిందనే రాసుకుంటది."

లక్ష్మీబాయి పెంటవ్వ మొహంలోకి చూసింది. "ఇన్నొద్దులు నాకోసమే వండినవా అక్కా?"

పెంటవ్వ డబ్బా మూత కోసం తడుముకుంది. సేటుకు తనే చెప్పింది, తనే చేజేతులా చెప్పుకుంది!

లక్ష్మీబాయి డబ్బాను మెల్లగా గడప మీద పెట్టింది. "మాకు ఇయ్యాల ఆకలైతలేదక్కా" అంది నెమ్మదిగా. కొంగు మొహం మీదికి లాక్కుని సందులోంచి దవాఖాన వైపు నడిచిపోయింది.

"అరె, ఫొటో రాకపాయె" అన్నాడు కౌశిక్. "రేపటిసంది వచ్చినోళ్లను నువ్వే పట్టుకొని నిలవెట్టు పెంటవ్వా. నీ మాటైతే ఇంటరు."

పెంటవ్వ తలూపింది. ఊపక ఏం చేస్తుంది? గడప మీద స్టీలు డబ్బా అలాగే ఉంది, మూత పక్కన పడి ఉంది, పప్పు మీంచి ఇంకా పొగలు లేస్తున్నాయి.